బేరిచెట్టు మీద ఫిర్యాదు

ఆ ఆదివారం ఉదయం గుద్రూన్ సంకల్పం చిన్నది. నొర్షోపింగ్ తోటల సంఘం వార్షిక సమావేశంలో, తన టమాటాలకు ఎండ తగలనివ్వని ముసలి బేరిచెట్టును కొట్టించాలి. స్వీడన్‌లో దానికి గొడ్డలి కన్నా ముందు మోతివేరింగ్ కావాలి. అంటే 'ఎందుకు' అన్న ప్రశ్నకు సభ కాదనలేని సమాధానం. అది లేని కోరికను అక్కడ కోరికగా పరిగణించరు. సత్కారానికీ అదే పద్ధతి: ముందు మోతివేరింగ్ చదువుతారు, పేరు చిట్టచివర చెబుతారు. ఈ పద్ధతిని కనిపెట్టినవారికి మనుషుల అహంకారం గురించి బొత్తిగా తెలియదు.

కాఫీలు అయ్యాక అధ్యక్షుడు తూరె ఆ ఏటి సత్కారంతో సభ ప్రారంభించాడు.

"ఎండకూ మంచుకూ చలించక, ఎవరినీ ఏమీ అడగక..."

"నీ గురించేనే!" పక్క తోట అల్ఫ్‌హిల్డ్ మోచేత్తో పొడిచింది.

"ఊరుకోవే, వింటారు," అంటూనే గుద్రూన్ జుట్టు సర్దుకుంది.

"...నడుము వంగినా, ఏటేటా అందరికీ తీపి పంచుతూ..."

"నీ జామ్ సంగతే! ఇంకా కూర్చుంటావేం? లే!"

గుద్రూన్ లేచింది. ఆమె లేచింది కనుక ఆమెకు ముందే తెలిసి ఉంటుందని సభ చప్పట్లు కొట్టింది. చప్పట్లు విని కార్యదర్శి పూలగుత్తి అందించింది. పూలు చూసి, సంఘంలో పాటలు వాయించే రుట్గెర్ అకార్డియన్ అందుకున్నాడు. తూరె నోరు తెరిచేలోగా అక్కడి ఆనవాయితీ ప్రకారం నాలుగు జేజేలు మొదలయ్యాయి. వాటిని మధ్యలో ఆపగల మనిషి ఆ దేశంలో ఇంకా పుట్టలేదు.

గుద్రూన్ గొంతు సవరించుకుంది. "ఇన్నేళ్లు నిలబడి పంచిపెట్టినవాళ్లను కూడా అడ్డం అనేవాళ్లుంటారు. ఆ మాటకు మోతివేరింగ్ ఎక్కణ్ణించి తెస్తారు? తూరె, నువ్వు చదివినదాంట్లో ఒక్క అక్షరం తీసెయ్యక్కర్లేదు!" సభ మళ్లీ చప్పట్లు కొట్టింది.

"చాలా సంతోషం గుద్రూన్. కాకపోతే పేరు ఇంకా చెప్పలేదు," అన్నాడు తూరె నీరసంగా. "గేటు దగ్గరి బేరిచెట్టు."

అల్ఫ్‌హిల్డ్ తన బన్నును అతి శ్రద్ధగా పరిశీలించసాగింది.

"ఇక రెండో అంశం. ఆ చెట్టునే కొట్టెయ్యాలని గుద్రూన్ ప్రతిపాదన. మోతివేరింగ్ చెప్పు."

గుద్రూన్ పూలవైపు చూసింది, సభవైపు చూసింది. ముందుగా నవ్వింది ఆమే.

"వెనక్కి తీసుకుంటున్నా."

"ఎందుకో చెప్పాలి కదా?"

"చెప్పానుగా! మీరంతా చప్పట్లు కూడా కొట్టారు."

నవ్వులు అణిగాక, ఇకనుంచి పేరే ముందు చెప్పాలని రుట్గెర్ ప్రతిపాదించాడు. తగిన మోతివేరింగ్ లేదని సభ దానిని ఏకగ్రీవంగా తోసిపుచ్చింది.