ఏరు దాటిన రాగి

గుట్ట కింద రాగి, సీసం, జింకు పడ్డాయనీ, అవి తన హయాం కోసమే ఇన్నాళ్లూ ఓపికగా కాచుకున్నాయనీ గనుల మంత్రి ప్రకటించగానే హాలంతా చప్పట్లతో మార్మోగింది. జియాలజిస్టు మాత్రం చప్పట్లు కొట్టలేదు. డ్రిల్లింగులో పైకి తీసిన రాతి కడ్డీని ఒళ్లో పెట్టుకుని, ఈ మాట ఎలా చెప్పాలా అని మథనపడుతోంది.

మర్నాడు ఆయన గదిలో చెప్పేసింది.

"సార్, రాగి ఉన్న పొర తూర్పుకి వాలుతోంది. లోతుకి పోయేకొద్దీ ఏరు దాటి పక్క నియోజకవర్గంలోకి వెళ్లిపోతోంది."

"ఎవర్నడిగి వాలింది?"

"కోట్ల ఏళ్లుగా అలాగే ఉంది సార్."

"అప్పుడు మన ప్రభుత్వం లేదు కదమ్మా. ఇప్పుడుంది. పడమటికి వాల్చండి."

"రాయి సార్ అది."

"మీ ట్రాన్స్‌ఫర్ కాగితం రాయి కాదుగా?"

కూతురి చదువు గుర్తొచ్చి ఆమె తలూపింది. మంత్రిగారు శాంతమూర్తి. లేచి, గోడ మీది మ్యాపును స్వహస్తాలతో తలకిందులు చేసి తగిలించారు. రాగి పడమటికి వచ్చేసింది. పీఏ ఆనందబాష్పాలు తుడుచుకున్నాడు. పేర్లు తిరగరాసిన ఆ మ్యాపు పత్రికలకెక్కింది.

అది చూసి ఏటవతలి ప్రతిపక్ష సభ్యుడికి కంటిమీద కునుకు లేదు. ప్రజాసేవ ఇవతలి గట్టునే సాధ్యమని గ్రహించి, ఇక్కడి సీటు కోసం అధికార పార్టీలో చేరడానికి బయల్దేరారు. అసలు దిక్కు తెలిసిన మంత్రిగారు అదే ఉదయం అవతలి సీటు కోసం ప్రతిపక్షంలో చేరడానికి బయల్దేరారు. చోటు చూపించడానికి జియాలజిస్టును వెంటేసుకున్నారు. రెండు కార్ల బారులూ వంతెన మీద ఎదురుబొదురుగా ఇరుక్కున్నాయి.

"ఎటు అన్నా?" అన్నారు సభ్యుడు, కారు దిగి.

"నువ్వొచ్చిన వైపుకే తమ్ముడూ. నువ్వు?"

"నువ్వొదిలేసిన వైపుకి."

ఇద్దరికీ ఒకేసారి అనుమానం వచ్చింది. జియాలజిస్టు వైపు తిరిగారు.

"ఎటుంటే అటుందిలే గానీ, ఎంత మందం ఉందమ్మా ఆ రాగి?"

ఇంతవరకూ ఆమెను ఎవరూ అడగని ప్రశ్న అది. హారన్ల మోతలో మాట వినపడదని ఆమె చిటికెన వేలెత్తి చూపింది.

కెమెరాలు మెరిశాయి. ఇదేదో కొత్త గుర్తనుకుని ఇవతలి కార్యకర్త ఒకడు వేలెత్తి జై కొట్టాడు. అవతలి వాళ్లు ఊరుకుంటారా? చూస్తుండగానే రెండు గట్ల జనమూ చిటికెన వేళ్లెత్తారు. నాయకులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, నవ్వుతూ తామూ ఎత్తారు.