గెట్టప్పారావు గోడ చదువు

పార్సిల్ ఆఫీసు గుమాస్తాని తోటివాళ్లు 'గెట్టప్పారావు' అని ఊరికే పిలవడం లేదు. కొత్త మేనేజరు నోరు తెరిస్తే 'గెట్'. ముందు గెట్, వెనక అప్, అవుట్ లాంటి ఓ తోక. తోక మారితే అర్థం తలకిందులు. సూపర్‌వైజరు కుర్చీకి ఇంటర్వ్యూ చేసేది ఆ నోరే. ఈసారి కుర్చీ తప్పితే, నిన్నగాక మొన్న చేరిన కుర్రాణ్ని 'సార్' అనాలి.

అందుకని గుమాస్తా ఆఫీసులో గెట్ మాటలే వల్లిస్తూ, ఇల్లంతా గెట్ చీటీలు అతికించాడు. ఏ మాట ఎక్కడుందో గుర్తుంటే అర్థం అదే నడుచుకుంటూ వస్తుందని పథకం.

మంచానికి గెట్ అప్. వీధి తలుపుకి గెట్ అవుట్. బియ్యం డబ్బాకి గెట్ బై, అంటే ఎలాగోలా నెట్టుకురావడం.

"పెళ్లి ఫొటోకి ఏం తగిలించారండీ?" అంది భార్య.

"గెట్ ఓవర్. తగిలిన దెబ్బ నుంచి కోలుకోవడం."

"దెబ్బ ఎవరికి తగిలిందో కూడా రాయాల్సింది."

"ఇద్దరం పక్కపక్కనే ఉన్నాంగా, మొహాలు చూస్తే తెలీదూ?"

ఆఖరికి ఒక్క చీటీ మిగిలింది. గెట్ ఎలాంగ్. కలిసిమెలిసి ఉండటం.

"దీన్నెక్కడ పెట్టనే?"

"మనిద్దరి మధ్యా పెట్టండి."

"అక్కడ గోడైతే ఉంది గానీ, కంటికి కనపడదే!" తన జోకుకి తానే పొట్ట పట్టుకుని నవ్వి, చీటీని ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేశాడు. ఆవిడ నవ్వలేదు.

ఇంటర్వ్యూలో మేనేజరు అడిగింది ఒక్కటే. "హౌ డు యూ గెట్ ఎలాంగ్ విత్ పీపుల్?"

గుమాస్తా కళ్లు మూసుకుని ఇల్లంతా వెతికాడు. మంచం, బియ్యం డబ్బా, పెళ్లి ఫొటో... ఎక్కడా లేదు. చెమటలు కక్కుతూ వీధి తలుపు దాకా వచ్చి, అక్కడ దొరికిందే అందుకున్నాడు.

"గెట్ అవుట్, సార్!"

కుర్చీ కుర్రాడికి వెళ్లింది.

ఇంటికొచ్చి కూలబడితే, భార్య నలిగిన చీటీ ఒకటి తెచ్చి ఒళ్లో పెట్టింది. చెత్తబుట్టలోంచి తీసి, మడతలు సాపు చేసి ఉంచినట్టుంది.

"అడిగింది ఈ మాటేగా?"

"నీకెలా తెలుసే?"

"పెళ్లైనప్పట్నుంచీ నేను చేస్తున్న ఉద్యోగం అదేగా. ఇందులో ప్రమోషన్ లేదు, సెలవూ లేదు. ఇంటర్వ్యూ కూడా మీరు చేయలేదు."

గుమాస్తా లేచి, ఆ చీటీని పెళ్లి ఫొటో కింద గోడకి అదిమాడు. జారిపడింది. మళ్లీ అదిమాడు. మళ్లీ జారింది.

"జిగురు ఎప్పుడో ఎండిపోయిందండీ," అంది ఆవిడ వంటింట్లోంచి. "చేతులు కడుక్కోండి, వడ్డిస్తాను."