'ద్వెనోస్'కు పుట్టుక కాగితం

కాగితం లేనిదేదీ ఈ లోకంలో పుట్టినట్టు కాదు. సూర్యచంద్రులు ఇంకా నిరభ్యంతరంగా తిరుగుతున్నారంటే, వారి ఫైలు పాతబస్తీలోని లుప్తపద ధ్రువీకరణ కార్యాలయానికి చేరలేదు కాబట్టే.

చచ్చిపోయిన మాటలు ఒకప్పుడు బతికే ఉండేవని పరిశోధకులకు రాసివ్వడం ఆ కార్యాలయం పని. (ఇంతవరకు ఒక్క మాటకూ రాసివ్వలేదు. సిబ్బంది కొరత.)

లాల్‌దర్వాజాలో బర్రెలు సాకే బాలరాజ్ కూతురు తనూజ అక్కడికే వెళ్లవలసి వచ్చింది. లాటిన్‌కు తల్లి వంటి భాషలో 'మంచి' అనే అర్థమున్న 'ద్వెనోస్' అన్న విశేషణం మీద ఆమె పరిశోధన. నెలాఖరులోగా ఆ మాటకు ధ్రువపత్రం తెచ్చి విశ్వవిద్యాలయానికి ఇవ్వకపోతే పరిశోధన రద్దు. బేగంబజార్‌లో గిన్నెల దుకాణం నడిపే మేనమామ అప్పుడే ఆమె కోసం గల్లాపెట్టె దగ్గర ఒక కుర్చీ తుడిపించి పెట్టాడు.

"మాట ముందర ఈ చుక్క ఏందమ్మా?" అన్నారు సూపరింటెండెంటు విశ్వేశ్వర్.

"నక్షత్రం గుర్తు సార్. ఆ మాట ఎక్కడా రాసి దొరకలేదని అర్థం."

"రాసిలేని మాట నీకెట్ల దొరికింది?"

"దాని పిల్లల్ని చూసి పోల్చుకున్నం సార్. మనుమల ముక్కులు చూసి తాత ముక్కు చెప్పినట్టు."

"అయితే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తే."

తనూజ వారసుల పేర్లు రాసిచ్చింది. అందరికన్నా పెద్ద వారసుడు లాటిన్ మాట 'బోనుస్'. అది చూడగానే ఫైలు అకౌంట్స్‌కు వెళ్లింది. ఈ ఏడాది దసరా బోనస్‌కు నిధులు లేవన్న జవాబుతో అది సాయంత్రానికే తిరిగొచ్చింది. (ఆ విభాగం చరిత్రలో అంత వేగం మళ్లీ కనబడలేదు.)

తర్వాత ఫైలు లింగం దగ్గర ఆగింది. పుంలింగంలో ద్వెనోస్, స్త్రీలింగంలో ద్వెనా, నపుంసకంలో ద్వెనొమ్.

"మూడు పేర్లున్నయి. ముగ్గురూ ఒక్కరేనని అఫిడవిట్ కావాలె."

"పక్కన ఏ నామవాచకం ఉంటే దాన్ని బట్టి తోక మారుస్తది సార్."

"పక్కనున్నోళ్లను బట్టి మారేటోళ్లను ఈ ఆఫీసుల మస్తు చూసిన. అఫిడవిట్ తే."

తెచ్చింది. విభక్తికొకటి చొప్పున మళ్లీ తెమ్మన్నారు. తనూజ బల్ల మీద కూలబడి కళ్లు తుడుచుకుంది. తోడుగా వచ్చిన తండ్రి మెల్లగా అడిగాడు.

"గా మాట ఉన్నదా బిడ్డా, పోయిందా?"

"ఎప్పుడో పోయింది బాపు."

"పోయినంక గూడ ఇంత లొల్లా?"

ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే లేచి కౌంటరు దగ్గరకెళ్లింది.

"సార్, ఉన్నదని రాయొద్దు. ఎక్కడా దొరకలేదని రాసియ్యుండ్రి. నాకు గదే సాక్ష్యం."

విశ్వేశ్వర్ ముఖం వికసించింది. 'లేదు' అనేది ఆ కార్యాలయపు మాతృభాష. లాటిన్ ముందరి మాటను తెలుగు రికార్డుల్లో వెతకలేరు కాబట్టి, దాని అర్థాన్ని వెతకమని జూనియర్ అసిస్టెంటు కీర్తిప్రియను పురమాయించారు. ఆమె బీరువాలన్నీ తెరిచి నిజాయితీగా వెతికింది.

విశ్వవిద్యాలయం ఆ పత్రాన్ని మారుమాట లేకుండా అంగీకరించింది. తనూజ పరిశోధన నిలిచింది. గుండ్రటి ముద్ర కింద ఉన్నది ఇంతే:

"ఈ కార్యాలయంలో స్థాపన నాటి నుంచి నేటి వరకు, మూడు లింగాలలోను, అన్ని విభక్తులలోను వెతికించగా, 'మంచి' అనునది ఎక్కడా కనబడలేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."