గీత దిగుతున్నంత కాలం

మనిషి ఆరోగ్యాన్ని ఒకే ఒక్క అంకెతో తేల్చిపారేసిన ఘనత మా ఊరి స్థూలకాయ నివారణ ఆస్పత్రికే దక్కుతుంది. బరువు తగ్గడానికి ఆపరేషన్‌తో పొట్ట చిన్నది చేయించుకున్నవారు నెలకోసారి అక్కడి అనంతర సంరక్షణ విభాగంలో తూకం బల్ల ఎక్కాలి. అంకె తగ్గితే యాప్‌లో ఆకుపచ్చ గీత దిగుతుంది, చప్పట్లు మోగుతాయి. (రోగి పక్కనే వాంతి చేసుకుంటున్నా మోగుతాయి. ఆపే మీట పెట్టలేదు.)

మా వదిన బట్టలు కుడుతుంది. ఆపరేషన్ అయిన మూడో నెలకల్లా ముప్పై కిలోలు తగ్గింది. తిన్నది తిన్నట్టు కక్కేది. దువ్వెన నిండా జుట్టే. ఆపైన అరికాళ్ళు మొద్దుబారాయి.

"వంగి చూసుకుంటే గానీ మిషన్ తొక్కుతున్నానో లేదో తెలియట్లేదు మేడమ్. రక్తం తీసి విటమిన్లేమైనా తగ్గాయేమో చూడండి," అని బతిమాలింది.

గీతల పర్యవేక్షణాధికారిణి తెర మీంచి చూపు తిప్పలేదు. "గీత బ్రహ్మాండంగా దిగుతోందమ్మా. ఇంకేం కావాలి?"

"మరి ఈ జుట్టు?"

"అదీ బరువే కదమ్మా."

వదినకు తోడుగా వెళ్ళిన నాకు ఒళ్ళు మండింది. ఫిర్యాదు రాసుకోమన్నాను. యాప్‌లోని ఫిర్యాదు పత్రంలో ఉన్నది ఒకటే ప్రశ్న: బరువు పెరిగిందా? 'లేదు' అని నొక్కగానే పత్రం మూసుకుపోయింది, చప్పట్లు మోగాయి. (పత్రం తయారుచేసిన సంఘంలో ఒక డాక్టర్ కూడా ఉన్నారట. ఆ రోజు సెలవు.)

మరుసటి నెలకు వదిన నిలబడలేకపోయింది. అన్నయ్య ఎత్తి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆస్పత్రివాళ్ళు ఆమెను కుర్చీతో సహా తూకం బల్ల మీదికి తోశారు. పదిహేడు కిలోలు పెరిగింది! గీత ఎర్రబడి పైకి లేచింది.

"కుర్చీ బరువు తీసెయ్యండి మహాప్రభో!" అన్నాను.

"కుర్చీ పేరున మా దగ్గర ఫైలు లేదండీ," అంది అధికారిణి.

అయితేనేం, ఫిర్యాదు పత్రం మొట్టమొదటిసారి పూర్తిగా తెరుచుకుంది. "పోన్లే, ఇప్పటికైనా పట్టించుకుంటారు," అంది వదిన, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. ఎన్నాళ్ళకో ఆమె మొహంలో ఆశ కనిపించింది.

ప్రింటర్‌లోంచి చికిత్స కాగితం దానంతటదే బయటికి వచ్చింది. తిండి సగానికి తగ్గించాలి. రోజూ గంటసేపు వేగంగా నడవాలి.

అధికారిణి దాని మీద ముద్ర గుద్ది వదిన ఒడిలో పెట్టింది. "ఈసారైనా బద్ధకించకుండా నడవండమ్మా. ఎంతసేపూ అలా కూర్చుంటే ఎలా?"