షుగరు రద్దు

"ఏడాది తిరిగేలోగా ఈ రాష్ట్రంలో షుగరు జబ్బన్నదే ఉండదు!" అని ఆరోగ్య మంత్రి ప్రకటించగానే సభలో అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది చక్కెర మిల్లు యజమాని. ఆ సభలోనే ఉన్న డాక్టరుకు అక్కడే అనుమానం రావలసింది. రాలేదు. మనుషుల రక్తంలో ఏముందో చూడటంతోనే ఆయనకు పొద్దుపోయేది, మనసులో ఏముందో చూసే తీరిక ఎన్నడూ లేదు.

యౌవనమంతా పెట్టుబడి పెట్టి ఆయన తేల్చింది ఒక్కటే: పిండి పదార్థాలూ తీపీ తగ్గిస్తే ఒంట్లో చక్కెర దిగుతుందని. తోటి డాక్టర్లు నవ్వారు. మందుల కంపెనీలు నవ్వలేదు. దాంతో, ఇందులో ఏదో సరుకుందని కొందరికి నమ్మకం కుదిరింది. సర్కారు ఆస్పత్రి వెనక, దుప్పట్లు ఉతికే గది పక్కన, ఆయనకో చిన్న వార్డు, ఒక వంటావిడ. అక్కడ ఒక లారీ డ్రైవరున్నాడు. పుండు పడ్డ కాలు తీసెయ్యాలన్నారు వేరేచోట. ఇక్కడి తిండికి పుండు అంచులు దగ్గరపడుతున్నాయి. ఇంకొన్నాళ్లు వార్డు నిలబడితే డ్రైవరు నిలబడతాడు.

అందుకే షుగరు నిర్మూలనకు వేసిన కమిటీకి అధ్యక్షుడిగా ఉండమని మంత్రి అడిగితే డాక్టరు మారుమాటాడలేదు.

"అడక్కుండా అంటగట్టే సరుకులో పుచ్చుందేమో చూసుకోవాలండీ," అంది భార్య. ఆమె పుట్టిల్లు కిరాణా కొట్టు.

కమిటీలో చక్కెర మిల్లు యజమాని, బేకరీల సంఘం పెద్ద, బంగాళాదుంపల హోల్‌సేల్ వ్యాపారి సభ్యులు.

"పిండి పదార్థం తగ్గించాల్సిందే," అన్నాడు దుంపల వ్యాపారి. "అయితే బంగాళాదుంప ఆకుకూర."

"ఎలా?" అన్నాడు డాక్టరు.

"మొక్కకు ఆకులున్నాయా, లేవా?"

"ఉన్నాయి గానీ..."

"రాసుకోండి. అధ్యక్షుల వారు ఒప్పుకున్నారు."

"చక్కెర సంగతో?"

"చెరుకు గడ్డి జాతి," అన్నాడు మిల్లు యజమాని. "గడ్డి తిన్న ఆవుకి షుగరొచ్చిందా ఎక్కడైనా?"

రొట్టెలో పిండి పదార్థం తక్కువేనని ఓటింగులో తేలింది. ఆరోగ్య శాఖ కార్యదర్శి డాక్టరు చెవిలో, "సైన్సంటే మాకు ప్రాణం సార్. కానీ మెజారిటీ అని ఒకటుంది కదా," అన్నాడు.

వారం తిరక్కుండా 'ప్రభుత్వ ధ్రువీకృత లో కార్బ్ రొట్టె' వార్డుకొచ్చింది. పెట్టకపోతే ఉద్యోగం ఊడుతుందని వంటావిడకు చెప్పారు. డ్రైవరు చక్కెర నిచ్చెనెక్కింది. పుండు మళ్లీ నోరు తెరిచింది. డాక్టరు కార్యదర్శి దగ్గరికి పరుగెత్తాడు.

"రోగులకు చక్కెర పెరిగిపోయిందయ్యా!"

"దేన్ని చూసి పెరిగిందంటున్నారు సార్?"

"ఉండాల్సిన స్థాయిని చూసి!"

"అదా! అలా చెప్పండి మరి. ఆ స్థాయి ఏ కాలం నాటిదో ఏమో. పెంచేద్దాం."

సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. తెల్లారేసరికి రాష్ట్రంలో షుగరు రోగి అన్నవాడు లేడు. ఏడాది గడువు పెట్టుకున్న పనిని ఇంత తొందరగా ముగించిన ప్రభుత్వం మరొకటి లేదు. రోగుల్లేని వార్డు దండగని తాళం వేశారు.

"నీకు షుగరు లేదట నాయనా. ఇంటికెళ్లమంటున్నారు," అన్నాడు డాక్టరు తలెత్తకుండా.

"ఆ మాట నా కాలిక్కూడా చెప్పండి బాబూ. దానికింకా కబురందినట్టు లేదు."

మంత్రి ఇంట్లో విజయోత్సవ విందు జరిగింది. ఎలాగైనా వార్డు అడగాలని డాక్టరు వెళ్లాడు. మంత్రి నాజూగ్గా, నిగనిగలాడుతూ ఉన్నాడు. వడ్డించేవాడు ధ్రువీకృత రొట్టె తేగానే కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకొద్దురా. షుగరుంది."

లోపల్నించి కోడిగుడ్లూ చేపా ఆకుకూరా పట్టుకుని వచ్చిందెవరో కాదు, వార్డు వంటావిడే. డాక్టర్ని చూసి తల దించుకుంది.

"మీ పద్ధతే పద్ధతి డాక్టరు గారూ!" అన్నాడు మంత్రి. "రోజూ పొద్దున్నే వచ్చి నా రక్తం చూసి వెళ్లాలి. కాదనకూడదు. ఏం కావాలో అడగండి. వార్డు తప్ప."

డాక్టరు ఆ కంచం వంక చూశాడు.

"మీ గేటు దగ్గర కూర్చోడానికి ఒక మనిషినిస్తాను. జీతం అక్కర్లేదు. రెండు పూటలా భోజనం ఈ వంటింట్లోనే పెట్టించండి."

"అంతేనా! మనిషికి జబ్బులేం లేవుగా?"

"లేవండీ. మొన్నటి ఉత్తర్వుతో నయమైపోయాడు."