మంచం కింద మరదలు

ఆ సోమవారం పొద్దున తరైవిని వేసుకున్న పథకం చాలా చిన్నది. మొగుడికి టీ, ఉడికించిన కర్రపెండలం పెట్టి, ఎనిమిది గంటల బస్సులో సవుసవు పట్నం బజారుకు వెళ్ళి, వడ్రంగి మునసామికి ఒక మంచం పురమాయించి, మధ్యాహ్నానికి తిరిగి రావాలి. ఇందులో ఎవరి మంచం కిందా దూరవలసిన పని లేదు.

మంచం ఆమె పడుకోవడానికి కాదు. ఆ దీవి ఊళ్ళో అందరూ చాపల మీదే పడుకుంటారు. మంచం ఉన్నవాళ్ళు దాన్ని ఇంట్లో ఒక మూల తెర కట్టి, మెత్తని దుప్పటి పరిచి, కుట్టుపని చేసిన దిండ్లు పేర్చి, కొలువు తీర్చినట్టు ఉంచుతారు. గొప్ప అతిథి వస్తే తప్ప దాని మీద ఎవరూ నడుం వాల్చరు. ఆ ఊరికి గొప్ప అతిథి అంటే ఏటా ఆగస్టులో చర్చి పనులు చూడటానికి వచ్చే పెద్ద పాస్టరుగారు. ఆయన మూడు రాత్రులు ఎవరింట్లో బస చేస్తే ఆ ఇల్లాలికి ఆ ఏడాదంతా చర్చిలో ముందు వరస, ఊళ్ళో మొదటి మాట. మూడేళ్ళుగా ఆయన బస తరైవిని ఆడపడుచు లొసెనా ఇంట్లోనే. ఎందుకంటే లొసెనాకు వెసి కర్రతో చేసిన మంచం ఉంది. ఆ దీవుల్లో కర్రలన్నిటికీ వెసి రాజు. పూర్వం నాయకుల ఇళ్ళకూ యుద్ధపు పడవలకూ మాత్రమే వాడేవారు.

మంచం లొసెనా ఇంట్లోనే ఉన్నా, దాని నాలుగు కోళ్ళూ మూడేళ్ళుగా తరైవిని గుండెల మీదే ఉన్నాయి.

"ఈసారి పాస్టరుగారు మనింట్లోనే పడుకోవాలి," అంది తరైవిని.

"పడుకోమను. చాపలు బోలెడున్నాయిగా," అన్నాడు మొగుడు అపెనిసా.

"మీ అక్క మంచం వేస్తుంది, నేను చాప వేయాలా? అసలు నువ్వే ఒకసారి వెళ్ళి, ఆ మంచం ఏపాటిదో చూసి రారాదూ?"

అపెనిసా టీ కప్పు కింద పెట్టేశాడు. "నేనా? అక్క ఇంటికెళ్ళి, అక్క మంచం సంగతి ఎత్తాలా? మతుండే మాట్లాడుతున్నావా?"

పెద్దయ్యాక అక్కాతమ్ముళ్ళు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోకపోవడం అక్కడి మర్యాద. వదినా మరదళ్ళు మాత్రం నోటికొచ్చినంత అనుకోవచ్చు. ఆ విషయంలో వీళ్ళిద్దరూ ఏనాడూ లోటు చేసుకోలేదు.

మునసామి నలభై ఏళ్ళుగా చెక్క మొహం తప్ప మనిషి మొహం చూసి మాట్లాడినవాడు కాదు. తరైవిని చెప్పింది వింటూ చిత్రిక పడుతూనే ఉన్నాడు.

"లొసెనా మంచం కంటే గొప్పది చేయాలి."

"అది నేను చేసింది కాదమ్మా. ఏ కర్ర?"

"వెసి."

"వెసి అని ఎవరన్నారు?"

"లొసెనాయే అంది."

"మంచం ఏమంది?"

"మంచమా?" అంది తరైవిని.

"మంచాన్ని అడగాలమ్మా. అదీ పైనుంచి కాదు. పైన మాట్లాడేది వార్నీషు. కిందికి దూరి అడగాలి. పట్టె అడుగున నాణెంతో గీకండి. వెసి అయితే నాణెం అరుగుతుంది, పైను లాంటి చవక చెక్క అయితే పొట్టు రాలుతుంది. తర్వాత పట్టె కోడులోకి ఎలా దిగిందో చూడండి. పట్టె చివర నాలుకలా చెక్కి, కోడుకు బెజ్జం తొలిచి అందులో దిగ్గొట్టి ఉంటే మనవళ్ళ మనవలు పడుకుంటారు. మేకులు కొట్టి ఉంటే ఎవరూ గట్టిగా పొర్లకూడదు. ఇంతకీ మీకు కర్ర ఎక్కడిది?"

"మా మామగారి పాతింటి స్తంభాలున్నాయి. తుఫానుకు ఇల్లు ఎగిరిపోయింది గానీ అవి కదల్లేదు. నాలుగూ వెసివే."

మునసామి మొదటిసారి తలెత్తి ఆమె మొహం చూశాడు. "పంపించండి. వార్నీషు వద్దు, కొబ్బరినూనె పట్టిస్తాను. మంచి చెక్క నూనె తాగి లోపల్నుంచి మెరుస్తుంది. మూడు వారాల్లో చేసిస్తా. లొసెనా మంచం కొలత ఒక్కటి తెండి, దానికంటే జానెడు పెంచుతాను."

కొలత కోసమే వెళ్ళింది తరైవిని. ఆ సంగతి ఆమె తర్వాత దేవుడికి కూడా చెప్పుకుంది. గురువారం సాయంత్రం లొసెనా పాటల సాధనకు చర్చికి వెళ్ళగానే, ఎప్పుడూ మూయని ఆ ఇంటి తలుపులోంచి లోపలికి వెళ్ళి, తెర తీసి, పొడవూ వెడల్పూ జానలతో కొలుచుకుంది. అంతటితో వచ్చేస్తే ఈ కథ ఉండేది కాదు. కానీ దుప్పటి అంచు కింద మంచం కోడు ఎర్రగా మెరుస్తూ కనిపించింది. ఆ మెరుపు చూసేసరికి ఆమెకు మునసామి మాటలు గుర్తొచ్చాయి. బోర్లా పడుకుని మంచం కిందికి దూరి, నాణెం తీసి పట్టె అడుగున గీకింది.

పొట్టు రాలింది.

ఇంకోచోట గీకింది. అక్కడా రాలింది. తెల్లటి పైను, పైగా కణుపులు. వార్నీషు పైవైపు మాత్రమే పూసి, కిందికి వచ్చేసరికి పూసేవాడికి విసుగు పుట్టినట్టు వదిలేశారు. బెజ్జం లేదు, నాలుక లేదు. ఒక్కో మూలకు మూడేసి మేకులు, అవీ వంకర. మూడేళ్ళుగా గుండెల మీదున్న నాలుగు కోళ్ళూ ఒక్కసారిగా లేచిపోయినట్టయింది. పెళ్ళినాడు కూడా ఆమెకు అంత సంతోషం కలగలేదు.

ఆ సంతోషంలో గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు వినలేదు. సాధన తొందరగా ముగిసింది. లొసెనా ఇద్దరు చర్చి ఆడవాళ్ళను టీకి వెంటబెట్టుకొచ్చింది.

"ఇవెవరి కాళ్ళు?" అంది లొసెనా.

"నావే వదినా," అంది మంచం.

"మరదలా! నా మంచం కింద ఏం చేస్తున్నావే?"

"నిన్నొకటి అడుగుదామని వచ్చాను."

"అడిగేవాళ్ళు గుమ్మంలో నిలబడి అడుగుతారు గానీ మంచం కింద పడుకుని అడుగుతారా?"

"సిగ్గేసింది వదినా."

"నీకు సిగ్గా! ఏం కావాలేంటి?"

తరైవినికి ఉప్పు అడుగుదామనిపించింది. కానీ ఉప్పు కోసం ఎవరూ మంచం కింద దూరరు. కంటికి ఎదురుగా ఉన్నది ఒక్కటే. "ఈ మంచమే," అనేసింది.

చుట్టం నోరు తెరిచి అడిగింది లేదనకూడదన్నది అక్కడ బైబిలు కంటే పాత నియమం. అందుకే అడిగేవాళ్ళు కూడా హద్దు చూసుకుని అడుగుతారు. పాస్టరుగారు పడుకునే మంచం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చర్చి ఆడవాళ్ళిద్దరూ నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు.

లొసెనా మొహం ముందు పాలిపోయింది. తర్వాత ఇంట్లో దూరిన పామును పొరుగువాళ్ళు వచ్చి అడిగి పట్టుకుపోతామన్నప్పుడు ఉండేంత తేటగా మారింది. వెంటనే సర్దుకుని కళ్ళు ఒత్తుకుంది.

"అడిగావు కదమ్మా, కాదంటానా! నా ప్రాణం లాంటి మంచం. పట్టుకెళ్ళు. ఇవాళే పట్టుకెళ్ళు. ఇప్పుడే మనుషుల్ని పిలుస్తాను."

చీకటి పడేలోగా మంచం ఊరి నడుమ నుంచి తరైవిని ఇంటికి చేరింది. నలుగురు మనుషులు దాన్ని రెండుసార్లు దింపి, ఒకసారి ఈడ్చారు. దారి పొడుగునా ఊరంతా చూసింది. లొసెనా త్యాగమూర్తి అయింది. తరైవిని అత్యాశకు మారుపేరయింది. ఇది పైను అని ఊళ్ళో చాటుదామా అంటే ఇప్పుడా మంచం తనది.

"నాణెంతో గీకావా?" అన్నాడు అపెనిసా, తల పట్టుకుని. "ఆ మాట ఎవరికీ చెప్పకు."

"మన వెసి మంచం రానీ. అప్పుడు చూద్దువుగాని అందరి మొహాలూ," అంది తరైవిని.

మూడు వారాలకు వెసి మంచం లారీలో వచ్చింది. మునసామి మాట తప్పలేదు. మేకన్నది లేకుండా కర్ర కర్రలో కలిసిపోయింది. నూనె తాగిన చేవ లోపల్నుంచి తేనెరంగులో మెరిసింది. లారీ మీద నుంచి దింపడానికి ఎనిమిది మంది పట్టారు. తరైవిని దాని మీద చెయ్యి వేసి ఊరంతా వినపడేలా "జాగ్రత్త! అది వెసి!" అని ఏడుసార్లు అరిచింది.

ఆ అరుపు విని వచ్చినవాడు విలిమోని. లొసెనా కొడుకు, రగ్బీ ఆటగాడు, తలుపులో పట్టని మనిషి. వెంట తనంతటి వాళ్ళను ఏడుగురిని తెచ్చాడు. ఆరుబయటే నేల మీద వినయంగా కూర్చుని, మూడుసార్లు చప్పట్లు చరిచి అన్నాడు.

"మామయ్యా, తాత ఇంటి స్తంభాలు మంచమయ్యాయని విన్నాను. మా అమ్మ ఇంట్లో మంచం లేదు. ఇది నేను పట్టుకెళ్తున్నాను."

అక్కడ మేనమామ సొత్తులో మేనల్లుడి కంటికి నచ్చిందల్లా మేనల్లుడిదే. అడగడం కూడా మర్యాదకే, అనుమతి కోసం కాదు. అపెనిసా తలూపాడు.

"ఏమిటా తలూపడం!" అని తరైవిని మొగుడి చెవిలో బుస కొట్టింది. "నోరు లేదా నీకు?"

"ఉంది. కానీ వాడు మేనల్లుడు."

"ఇది మీ అక్క పన్నాగం! వెళ్ళి నాలుగు దులిపి రా!"

"అక్కతో ఎలా మాట్లాడతానే?"

మంచం ఇంటి గడప తొక్కకుండానే వెళ్ళిపోయింది. లొసెనా ఇంట్లో తలుపు చట్రం ఊడదీసి దాన్ని లోపల పెట్టి, మళ్ళీ చట్రం బిగించారు. ఆ వారమంతా లొసెనా తన ఇంటి తెర ఎత్తే ఉంచింది. దారిన పోయే తరైవినిని పిలిచి మరీ, "ఏమే మరదలా, కిందికి కూడా దూరి చూసుకో, దీపం పెడతాను," అంది. తరైవిని మూడు పూటలు అన్నం తినలేదు. పైను మంచం వంక చూడలేదు. ఎవరైనా దగ్గరికి వెళ్తే మాత్రం, "దాని మీద చెయ్యి పెట్టకండి, పాస్టరుగారి కోసం," అని కసిరింది.

శుక్రవారం పాస్టరుగారు వచ్చారు. మంచి భారీ మనిషి. లొసెనా కొత్త గౌను వేసుకుని ఎదురువెళ్ళింది. ఆయన, "నా పాత మంచం ఎక్కడుందమ్మా? మూడేళ్ళ అలవాటు. నాకు అదే కావాలి," అన్నారు.

తరైవిని నడిచింది గాలిలోనే. పాస్టరుగారి సంచీ తనే మోసుకుంటూ లొసెనా ఇంటి ముందు నుంచి, దగ్గరి దారి ఉన్నా చుట్టుదారిన తీసుకెళ్ళింది. ఆ వెనకే ఊరంతా వచ్చింది. లొసెనా అందరికంటే వెనక, పెదవి కొరుక్కుంటూ వచ్చింది.

భోజనానికి ముందు ప్రార్థన. పాస్టరుగారు మంచం పక్కన మోకరించి, రెండు మోచేతులూ పట్టె మీద ఆనించి, తలవంచి, "ప్రభువా, ఈ ఇంటిని నిలబెట్టు," అన్నారు.

మొదట కుడివైపు పట్టె వెళ్ళింది. తర్వాత తలవైపు పలక. చివరికి అన్నీ వెళ్ళాయి. పాస్టరుగారు దిండ్ల మధ్య నుంచి, "ఆమెన్," అన్నారు.

"అయ్యో, నా మంచం!" అని మొదట అరిచింది లొసెనా. "మూడేళ్ళు కిర్రుమనలేదు! నువ్వేం చేశావే దాన్ని?" అంటూనే విరిగిన పట్టెలోని తెల్ల చెక్క మీదికి దుప్పటి కప్పేసింది. తరైవిని మరో చివర కప్పింది. ఇద్దరి చేతులూ ఒకచోట తగిలాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒక్క మాటా అనుకోలేదు. వాళ్ళిద్దరి మధ్య అలా జరగడం అదే మొదలు.

పాస్టరుగారిని లొసెనా ఇంటికి పంపడానికి తరైవినికి ప్రాణం ఒప్పలేదు. పెట్టెలో దాచుకున్న చాపలు తీసింది. మొగలి ఆకులు ఉడకబెట్టి, ఎండబెట్టి, జుట్టంత సన్నగా చీల్చి పెళ్ళినాటి నుంచి తను అల్లినవే. ఏడు చాపలు ఒకదాని మీద ఒకటి పరిచి, మొహం ఎత్తలేక, "ఇంతకంటే ఏమీ లేదయ్యగారూ," అంది.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఆగి, నడుం నిమురుకున్నారు. అలవాటనుకుని మంచం మీద పడుకున్న మూడేళ్ళూ తన నడుం తనది కాలేదనీ, తరైవిని చాపల మీద రెండు రాత్రులకే అది తిరిగొచ్చిందనీ చెప్పారు. ఇకముందు ఈ ఊళ్ళో మంచం లేని ఇంట్లోనే బస చేస్తాననీ, అలాంటి ఇల్లు ఇల్లాలి చేతి పనితో నిండి ఉంటుందనీ అన్నారు. ముందు వరసలో కూర్చున్న తరైవిని వెనక్కి తిరిగి లొసెనాను చూసింది. మామూలుగానే చూశాననే అనుకుంది.

సోమవారం ఎనిమిది గంటల బస్సులో లొసెనా సవుసవు వెళ్ళి, వెసి మంచం విరగాలంటే ఏం చేయాలని అడిగింది. మునసామి చిత్రిక ఆపి, దానికి తాను నూరేళ్ళు హామీ ఇచ్చానని విచారంగా చెప్పాడు.