చుట్టాలకు ఇల్లు లేదు

ఆదివారం పొద్దున్నే, మొహమైనా కడుక్కోకుండా, శివనాగరాజు ఒక నిర్ణయానికి వచ్చేశాడు. ఈసారి మేడమీది వాటా చుట్టాలకు ఇచ్చేది లేదు. పద్దెనిమిదేళ్లు మస్కట్ ఎండలో మాడి అమలాపురంలో కట్టుకున్న ఇల్లు అది. కిందటిసారి అందులో దిగిన మేనమామ కొడుకు మూడేళ్లు కదల్లేదు. అద్దె మాట ఎత్తబోయినప్పుడల్లా "కాఫీ తాగుతావా బావా?" అనేవాడు. పాపం శివనాగరాజు, మొహమాటపడి తాగి వచ్చేసేవాడు.

"ఈసారి పరాయివాళ్లే కావాలి. పదకొండు నెలల అగ్రిమెంటు, మూడు నెలల అడ్వాన్సు, గోడకి మేకు కొట్టకూడదు. నువ్వు మాత్రం ఎవరినీ ఇంటిపేరు అడక్కు" అన్నాడు భార్యతో.

"నేనెందుకడుగుతానండీ!" అంది భవానీదేవి.

తొమ్మిదింటికి నాగదుర్గాప్రసాద్ అనే బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. ఆవిడ మాట తప్పలేదు. "అమ్మగారిది ఏ ఊరండీ?" అని మాత్రం అడిగింది.

"రాజోలండీ."

ఐదు నిమిషాల్లో అతను శివనాగరాజు పిన్ని ఆడపడుచు కొడుకని తేలింది. పైగా శివనాగరాజే పొంగిపోయాడు. "మీ అమ్మగారి పెళ్లికి మేం పడవలో వచ్చేమండీ! పందిట్లో అరిటాకులు కడిగింది నేనే!" ఆ పెట్రోమాక్సు దీపాలు, ఆ పనసపొట్టు కూర గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. తేరుకునేసరికి అతిథి ముందు రెండో పెసరట్టు ఉంది. గుండె రాయి చేసుకుని, "వాటా ఇచ్చేసేమండీ" అని అబద్ధమాడాడు.

పదింటికి వచ్చిన కొత్తపేట దంపతులు కూడా నాలుగో ప్రశ్నకే "అన్నయ్యగారూ" అన్నారు. కంగారులో వాళ్లతో, "మేడమీదికి మేమే మారిపోతున్నామండీ" అన్నాడు. ఈ దంపతులు, బండి స్టార్టవక ఇంకా గేటు దగ్గరే ఉన్న ఆ ప్రసాదు కలుసుకుని రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. పదకొండు నుంచి ఫోన్లే ఫోన్లు.

"కింద వాటా అమ్మేస్తున్నావంటగా? ఇబ్బందుల్లో ఉంటే మాకు చెప్పొద్దురా?" అని రాయవరం మావయ్య ఏడ్చినంత పనిచేశాడు.

మధ్యాహ్నం క్రిస్టీనా అనే నర్సు వచ్చింది. శివనాగరాజు భార్యను వంటింట్లోకి పంపి, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా అగ్రిమెంటు ముందు పెట్టాడు. ఆ అమ్మాయి సంతకం చేసేసింది.

"మా అమ్మమ్మ కూడా ఉంటారండీ."

"ఉండనియ్యమ్మా!" అన్నాడు. హమ్మయ్య, చుట్టరికం లేని మనిషి దొరికింది.

సాయంత్రం సామాన్ల ఆటోలోంచి ముందుగా ఒక గొడుగు, దాని వెనక తెల్లచీర పెద్దావిడ దిగారు. శివనాగరాజు చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. కొత్తపేట బడిలో ఐదో తరగతి చెప్పిన స్టెల్లా టీచరు. వానరోజుల్లో ఇంటికి వెళ్లలేక కూర్చుంటే, తన క్యారేజీలో సగం అన్నం పెట్టిన మనిషి.

"ఏరా శివనాగరాజూ! ఈ ఇల్లు నీదేనంటరా?"

"ఆయ్. మీదేనండి టీచరుగారూ."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని అగ్రిమెంటు మొత్తం చదివారు. "మేకు కొట్టకపోతే ప్రభువు పటం ఎక్కడ తగిలించనురా?"

"నేను కొడతానండి."

"అద్దె ఒకటో తారీఖున ఇస్తాను."

"మీ దగ్గర అద్దె ఏంటండీ..."

"నోర్ముయ్. తీసుకోకపోతే గోడకుర్చీ వేయిస్తాను."

ఒకటో తారీఖు పొద్దున్నే అద్దె వచ్చింది. దాంతోపాటు, ఇంటాయన పాటించవలసిన నియమాల కాగితం కూడా వచ్చింది.